కుట్లు పైకి పెట్టిన గ్లౌజు

పోయిన శుక్రవారం పొద్దున్న దెందులూరులో మా స్కూల్లో ప్రార్థన ముగిసి, పిల్లలు తరగతుల్లోకి వెళుతుండగా ఫోను మోగింది. పిన్ని గారి అమ్మాయి.

"అక్కా, అమ్మ వెళ్ళిపోయిందక్కా" అంది.

తెల్లవారుజామున నమాజు చేసుకుని, టీ తాగి, కుర్చీలో వెనక్కి వాలారట. గ్లాసు తీద్దామని కూతురు వచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నారట. "టీ మాత్రం మొత్తం తాగేసిందక్కా" అని ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఏడుస్తూనే చెప్పినా ఆ మాటలో ఏదో నిమ్మళం ఉంది. సెలవు చెప్పి ఏలూరు బస్సెక్కాను. దారి పొడుగునా నాక్కూడా ఆ ఖాళీ గ్లాసే గుర్తొచ్చింది. సగంలో ఏదీ వదలని మనిషి.

పిన్ని గారు అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. పెళ్ళయిన కొత్తలో ఏలూరులో మేము అద్దెకు దిగిన ఇంటి పక్క ఇల్లు వాళ్ళది. ముస్లింలు. భర్త తొందరగా పోతే, ఆవిడ జాకెట్లు కుట్టి కూతుర్ని పెంచారు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేవారు. అలవాటు లేనివాళ్ళకి సగం మాటలు అర్థమయ్యేవి కావు. ఎవరికీ 'కాదు' అని చెప్పడం ఆవిడకి చేతనయ్యేది కాదు. 'తర్వాత చూద్దామండీ' అనేవారు. ఆ 'తర్వాత' రాదని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు.

నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. మా ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఆఫీసులో పని చేసేవారు, రోజూ రైల్లో వెళ్ళొచ్చేవారు. నేను టీచరు పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాను. ఒక ఆదివారం చుట్టాలొస్తున్నారని పెద్ద గిన్నెలో అన్నం వండాం. గంజి వారుస్తుంటే మూత జారింది. మరిగే గంజి నా కుడి చేతి మీద మోచేతి నుంచి వేళ్ళ దాకా పడింది. ఆ రోజు మణికట్టు దాకా చేతులున్న చుడీదారు వేసుకున్నాను. గంజి నీళ్ళలా జారిపోదు, అంటుకుంటుంది. గుడ్డలోకి ఇంకి అక్కడే ఉడికించింది. నేను పెట్టిన కేక వీధి చివరి దాకా వినబడిందన్నారు తర్వాత.

మా అత్తగారు కంగారుగా స్నానాలగదిలోకి పరిగెత్తి పళ్ళపేస్టు పట్టుకొచ్చారు. అప్పటికే పిన్ని గారు మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో మా వంటగదిలో ఉన్నారు. కుడుతూ కుడుతూ లేచి వచ్చేసినట్టున్నారు.

"వదిన గారూ, పేస్టు తర్వాత రాద్దామండీ. ముందు నీళ్ళు పోయనివ్వండి" అన్నారు.

నన్ను పెరట్లో చేతిపంపు దగ్గర కూర్చోబెట్టారు. ధార తిన్నగా కాలిన చోట పడకుండా, మోచేతి పైన పడి కిందికి జారేలా నా చెయ్యి పెట్టి, పంపు కొట్టడం మొదలుపెట్టారు. కొడుతూనే మధ్యలో ఆగి, నీళ్ళ కిందే నా మట్టిగాజులు ఒక్కొక్కటే జార్చారు, ఉంగరం తీశారు.

"గాజులెందుకమ్మా, శుభమా అని పెళ్ళయిన పిల్ల..." అని మా అత్తగారు గొణిగారు.

"వాచిపోతే రావండీ వదిన గారూ. రేపు మళ్ళీ తొడుగుదాం."

కత్తెరతో భుజం దగ్గర నుంచి గుడ్డ కోసుకుంటూ వచ్చి, ఒంటికి అంటుకున్న ముక్కని మాత్రం కదపకుండా చుట్టూ కత్తిరించి వదిలేశారు. ఫ్రిజ్‌లో ఐసు తెమ్మంటారా అని ఎవరో అడిగితే 'తర్వాత' అన్నారు. మళ్ళీ పంపు. నాకు చలి పుట్టేదాకా, ఆవిడ భుజం పట్టేసేదాకా. ఆ తర్వాత ఉతికి ఇస్త్రీ చేసిన పాత నూలు చీర ముక్కని చేతి మీద వదులుగా కప్పి, ఆటోలో నాతోపాటు ఆస్పత్రికి వచ్చారు.

ఇవన్నీ మీకెలా తెలుసని చాలాకాలం తర్వాత అడిగాను. "బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకున్నదాన్ని, చిన్నప్పటి నుంచీ కాల్చుకుంటూనే ఉన్నానమ్మా. అప్పటికి నాకు తెలిసింది ఆ కాస్తే. మిగతాది డాక్టరమ్మ గారు నేర్పారు" అన్నారు.

ఆ రోజు ఆస్పత్రిలో ఆ డాక్టరమ్మ గారు నా చెయ్యి చూస్తూ ఒక్కొక్క చోటా ఆగారు. మోచేతి దగ్గర ఎర్రగా కంది ఉంది, మంట, అంతే. ఇది పైచర్మం వరకే, వారంలో మాయమైపోతుంది, మచ్చ కూడా ఉండదన్నారు. దాని కింద బొబ్బలు. అక్కడ గాలి తగిలినా ప్రాణం పోయేది. ఇది కొంచెం లోతు, చీము పట్టకుండా చూసుకుంటే రెండు మూడు వారాలు పడుతుందన్నారు. ఇక చేతి వెనకభాగం, మణికట్టు. చుడీదారు అంచు బిగుతుగా పట్టుకున్న చోటు. అక్కడ తెల్లగా, బిరుసుగా, తోలులా ఉంది. డాక్టరమ్మ గారు వేలితో నొక్కారు.

"ఇక్కడ నొప్పి తెలుస్తోందా?"

"లేదండీ, అక్కడ అసలేం లేదండి" అన్నాను. హమ్మయ్య, ఈ భాగమైనా బాగుందని నాకు సంతోషం. ఆవిడ మాత్రం నవ్వలేదు. నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోయాయనీ, అక్కడ చర్మం దానంతట అది రాదనీ, తొడ మీద నుంచి చర్మం తీసి అతకాలనీ నెమ్మదిగా చెప్పారు.

పిన్ని గారు అదంతా విన్నారు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఆ మాటని తన పద్ధతిలో చెబుతూనే ఉన్నారు. "అరిచే చోట ప్రాణం ఉన్నట్టమ్మా. నోరు మెదపని చోటే చూసుకోవాలి." ఒంటికే కాదు, మనుషులకీ అదే చెప్పేవారు. వీధిలో ఏ కోడలైనా ఉన్నట్టుండి మౌనంగా ఉంటే, జాకెట్టు కొలతల వంకతో పిలిచి కూర్చోబెట్టుకునేవారు.

బొబ్బల సంగతి కూడా ఆవిడ మాటల్లోనే నాకు గుర్తు. ఆస్పత్రిలో పక్క మంచం మీదావిడ బొబ్బని సూదితో చిదపబోతే, "వద్దు తల్లీ, అది దేవుడు కుట్టిన సంచి. లోపల పని జరుగుతోంది. మనం విప్పకూడదు" అన్నారు. 'వద్దు' అని ఆవిడ సూటిగా అనడం అప్పుడే విన్నాను.

అతికిన చర్మం పట్టుకుంది. ఇంటికి వచ్చేశాను. కష్టం అయిపోయిందనుకున్నాం. కానీ గాయం మానాకే అసలు సంగతి మొదలైంది. మచ్చ ఎర్రగా, తాడు పేనినట్టు లావుగా లేవడం మొదలెట్టింది. ఒకటే దురద. వేళ్ళు నెమ్మదిగా ముడుచుకుపోసాగాయి. ఇంతలో టీచరు ఉద్యోగం వచ్చిందని కబురు. సుద్దముక్క పట్టుకోబోతే చూపుడువేలు వంగింది గానీ తిరిగి చాపడానికి రాలేదు. ఆ రోజు మా పెరటి గుమ్మం మీద కూర్చుని ఏడ్చాను.

బిగుతుగా పట్టి ఉంచే గ్లౌజు వేసుకోవాలనీ, స్నానానికి తప్ప పగలూ రాత్రీ తియ్యకూడదనీ, ఏడాదైనా పట్టొచ్చనీ, దాంతోపాటు వేళ్ళకి వ్యాయామం మానకూడదనీ డాక్టరమ్మ గారు చెప్పారు. అలా పైనుంచి ఒత్తిడి ఉంటేనే మచ్చ అణుగుతుందట. హైదరాబాదు నుంచి తెప్పించిన గ్లౌజు నా చేతికి సరిపోలేదు. అరచేతి దగ్గర వదులు, మణికట్టు దగ్గర ముడత. ఇలా అయితే మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చన్నారు.

గోడ అవతలి నుంచి పిన్ని గారు పిలిచారు. "ఆ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వమ్మా."

చెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కొలిచారు. జాకెట్టుకి కూడా అంత సేపు కొలవగా నేను చూడలేదు. సాగే గుడ్డ కోసం బెజవాడ వెళ్ళారు. మొదటి గ్లౌజు కుట్టి తొడిగితే కాసేపటికే నా వేళ్ళ చివర్లు నీలం తిరిగాయి. అది పట్టుకుని ఇద్దరం ఆస్పత్రికి వెళితే, గోరు నొక్కి వదిలితే వెంటనే మళ్ళీ గులాబి రంగు రావాలనీ, రాకపోతే మరీ బిగుతనీ డాక్టరమ్మ గారు చూపించారు. రెండోది బిగుతు కుదిరింది. కానీ లోపలి కుట్లు కొత్త చర్మాన్ని గీరి పుండు చేశాయి. పిన్ని గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పంతా తనదే అన్నట్టు తల పట్టుకున్నారు.

మూడోది తొడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. కుట్లన్నీ పైకే ఉన్నాయి. లోపలిది బయటికీ, బయటిది లోపలికీ.

"తిరగేసి తొడిగారేమో పిన్ని గారూ?"

"తిరగేసే కుట్టానమ్మా. లోకానికి అందం కనబడకపోతే పోయింది, నీ ఒంటికి మెత్తగా ఉండాలి కదా."

డాక్టరమ్మ గారు ఆ గ్లౌజు చూసి, గోళ్ళు నొక్కి చూసి, "ఎవరమ్మా, ఈవిడే కుట్టారా? మీకు తీరిక ఉంటే నాలుగు రోజులు వచ్చి కూర్చోండి, ఇంకా ఎక్కడెక్కడ ఎలా ఉండాలో చెబుతాను" అన్నారు. పిన్ని గారు మెరిసే కళ్ళతో, "అలాగేనండీ" అన్నారు. 'తర్వాత' అనలేదు.

నా చెయ్యి కుదురుకోవడానికి ఏడాది దాటింది. గుడ్డ సాగిపోయినప్పుడల్లా మళ్ళీ కొలిచి కొత్తది కుట్టేవారు. ఎప్పుడూ జతగా కుట్టేవారు, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి చేతికి ఉండాలని. ఆ గ్లౌజుతోనే ఉద్యోగంలో చేరాను. మొదట్లో నా అక్షరాలు గాలికి కొట్టుకుపోతున్నట్టు ఉండేవి. పిల్లలు "టీచర్, మీ చేతికేమైందండీ?" అని అడిగితే చెప్పేదాన్ని. ప్రతి ఏడూ కొత్త పిల్లలు అడుగుతారు, ప్రతి ఏడూ చెబుతాను. కాలితే ముందు కుళాయి దగ్గరికి వెళ్ళాలి, సిరా కాదు, పసుపు కాదు, పేస్టు కాదు, మామూలు నీళ్ళు, చాలా సేపు. తెల్లగా అయినా, నల్లగా మాడినా, మొహం మీదో, చేతుల మీదో, కీళ్ళ మీదో అయినా ఆస్పత్రికే. సిలబస్‌లో లేని ఆ పాఠం నా పిల్లలెవరూ మర్చిపోరు.

గ్లౌజు తీసేశాక కూడా ఆ చెయ్యి దాచుకోవాలనిపించేది. వేళ్ళ కణుపుల దాకా వచ్చే చేతులతో జాకెట్లు కుట్టమని అడిగాను. పిన్ని గారు కొలత రాసుకున్నారు. ఎండాకాలంలో కూడా అలాగే కుట్టారు, ఏళ్ళ తరబడి. ఒక వేసవిలో, ఏమనిపించిందో, "ఈసారి పొట్టి చేతులు పెట్టండి పిన్ని గారూ" అన్నాను.

"ఎంత పొట్టి?" అన్నారు గుడ్డలోంచి తలెత్తకుండా.

"అందరిలాగే."

"సరేనమ్మా" అని లోపలికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే స్టవ్ ముందు నిలబడి పాలల్లో పంచదార కలుపుతున్నారు, కలిపిందే మళ్ళీ కలుపుతున్నారు. ఆ రోజు సేమ్యా పాయసం వీధంతా పంచారు. ఎందుకని అడిగిన వాళ్ళకి ఊరికేనండీ అన్నారు.

అప్పటికే ఆవిడ దగ్గరికి డాక్టరమ్మ గారు పంపిన వాళ్ళు వస్తుండేవారు. జంగారెడ్డిగూడెం నుంచి, పొగాకు వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో కాలిన ఆయన, తాడేపల్లిగూడెంలో మిఠాయికొట్టులో నూనె పడినాయన. జాకెట్లు పక్కకి వెళ్ళిపోయాయి. వీధిలో ఆడవాళ్ళు కాస్త విసుక్కున్నారు కూడా. దీపావళి ముందు మాత్రం పిల్లల గౌన్లు కుట్టేవారు, అయితే జిగేలుమనే నైలాను గుడ్డ తెస్తే ముట్టుకునేవారు కాదు. "దీపావళికి నూలు కుడతానండీ. ఇది పండగయ్యాక కుడదాం. నిప్పు తగిలితే నైలాను కరిగి ఒంటికి అతుక్కుపోతుందండీ" అనేవారు. మా వీధి పిల్లలంతా దీపావళికి నూలు బట్టల్లోనే పెరిగారు. టపాకాయల దగ్గర బకెట్ నిండా నీళ్ళు పెట్టేది కూడా ఆవిడే.

అందరిలోకీ నాకు బాగా గుర్తున్నది కొల్లేటి పిల్ల. కైకలూరు అవతల లంక గ్రామం. తండ్రి చేపల చెరువు మీద పని చేస్తాడు. ఆ పిల్ల చిన్నప్పుడు పొయ్యి మీది పులుసు గిన్నె ఒంటి మీదికి లాక్కుంది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆకుపసరు కట్టి, అది చీము పట్టాక ఆస్పత్రికి తెచ్చారు. మొత్తానికి గాయం మానింది. పిన్ని గారు గ్లౌజు కుట్టి, మణికట్టు అంచున జాకెట్టు ముక్కలతో ఎర్ర పువ్వు పెట్టి ఇచ్చారు. తర్వాత నెలకి వాళ్ళు రాలేదు. కబురు చేస్తే, పిల్ల ఏడ్చి పీకేస్తోంది, మేం ఏం చెయ్యలేకపోతున్నాం అన్నారు.

"ఆదివారం నీకు సెలవే కదమ్మా? వెళ్ళొద్దామా?" అని నన్నడిగారు పిన్ని గారు.

బస్సు దిగి, చెరువు గట్ల మీద నడిచి వెళ్ళాం. పిల్ల మమ్మల్ని చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. వేళ్ళు అప్పుడే వంగుతున్నాయి. పిన్ని గారు బుజ్జగించలేదు, భయపెట్టలేదు. సంచీలోంచి ఇంకో గ్లౌజు తీశారు. అదే గుడ్డ, అదే ఎర్ర పువ్వు. కానీ పెద్దది. తన ఎడమ చేతికి తొడుక్కుని, పిల్ల ముందు కూర్చున్నారు.

"చూడు తల్లీ, నాక్కూడా ఉంది. నువ్వు వేసుకుంటే నేనూ వేసుకుంటాను. డాక్టరమ్మ గారు నిన్ను తీసెయ్యమన్న రోజే నేనూ తీస్తాను. సరేనా?"

పిల్ల చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత తన చెయ్యి చాపింది.

పిల్లని ఒప్పించడానికి అన్న మాటే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి పిన్ని గారు ఎడమ చేతికి గ్లౌజుతోనే మిషను తొక్కుతున్నారు. ఆ వారమంతా అంతే. ఆ నెలంతా అంతే.

"ఆ పిల్ల ఇక్కడ లేదు కదా పిన్ని గారూ, తీసెయ్యొచ్చుగా?"

"మాటిచ్చాను కదమ్మా."

నమాజుకి చేతులు కడుక్కునేటప్పుడూ, వంటప్పుడూ, స్నానానికీ తప్ప తీసేవారు కాదు. రోహిణి ఎండల్లో చెమటకి చెయ్యంతా పొక్కింది. "ఇదంతా ఓర్చుకుంటూ మీరెవరూ నాకు చెప్పలేదేంటమ్మా? వేళ్ళ సందుల్లో కుట్టు ఎంత కోస్తోందో!" అని నా మీద కోప్పడ్డారు. నిజమే, నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ కష్టపడి కుట్టి ఇస్తుంటే వంక పెట్టడం ఎలా అని ఊరుకున్నాను. డాక్టరమ్మ గారిని అడిగి, వేళ్ళ సందుల్లో కుట్టు పడకుండా అక్కడ చిన్న ముక్క వేసి, కుట్టుని పక్కకి జరిపి కుట్టారు. ఆ తర్వాత ఆవిడ దగ్గర కుట్టించుకున్న వాళ్ళందరికీ అలాగే. ఒక పిల్లకిచ్చిన మాట ఎంతమంది చేతులకి సుఖమిచ్చిందో!

పిల్లకి గ్లౌజు తీసెయ్యమన్న రోజున ఆస్పత్రిలో ఇద్దరూ ఒకేసారి తీశారు. పిన్ని గారి ఎడమ చెయ్యి కుడిచేతి కన్నా తెల్లబడిపోయింది. అది చూసి ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

పోయిన శీతాకాలంలో ఆ పిల్లే ఫోను చేసి మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచింది. డిగ్రీ చదువుతోంది ఇప్పుడు. పిన్ని గారికి అప్పటికే చూపు తగ్గింది, మోకాళ్ళ నొప్పులు. అయినా పొద్దున్నే తయారై కూర్చున్నారు. కొరమేను పులుసు ఆ పిల్లే వండింది, వేడి అన్నం ఆ చేత్తోనే వడ్డించింది. చేతి మీద మచ్చ ఉంది, పలచగా, నున్నగా. పిన్ని గారు తినడం మానేసి గరిటె పట్టుకున్న వేళ్ళనే చూస్తుంటే, "తినండి అమ్మమ్మా, చల్లారిపోతుంది" అని కసిరింది.

సాయంత్రం వాళ్ళ నాన్న పడవలో అవతలి గట్టు దాకా దింపుతానన్నాడు. పడవ ఊగుతుంటే పిన్ని గారు ఎక్కడానికి జంకారు. ఆ పిల్ల ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, కుడి చెయ్యి చాపింది. వేళ్ళు అయిదూ విచ్చుకుని ఉన్నాయి. పిన్ని గారు ఆ చెయ్యి పట్టుకుని ఎక్కారు, పక్కన కూర్చున్నారు, పట్టుకున్న చెయ్యి వదల్లేదు. దూరంగా గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద వాలుతున్నాయి. "అవిగో అమ్మమ్మా, కనబడుతున్నాయా?" అని పిల్ల అడిగింది. "ఆఁ, కనబడుతున్నాయమ్మా" అన్నారు పిన్ని గారు. ఆవిడ అటు చూడనే లేదు. కళ్ళు సగం మూసుకుని, బొటనవేలితో ఆ పిల్ల వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నారు. పడవ గట్టుకి తగిలి ఆగింది. నేను దిగి నిలబడ్డాను. వాళ్ళిద్దరూ ఇంకా దిగలేదు. ఆ పిల్ల తొందర పెట్టలేదు. వాళ్ళ నాన్న కూడా పడవని గట్టుకి ఆనించి పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.